పక్షుల లెక్క, గేదెల లెక్క: భరత్‌పూర్‌లో సలీం అలీ

హోలీ దగ్గరపడే రోజుల్లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేలల్లో నీరు వెనక్కి తగ్గుతుంది. చలికాలమంతా నిండుగా ఉన్న మడుగుల అంచుల్లో బురద బయటపడుతుంది. ఆ బురదలో ఉల్లంకి పిట్టలు పొడుగు ముక్కులు గుచ్చి పురుగులు ఏరుకుంటాయి. లోతు నీటిలో పరజలు, తల మీద నల్ల చారలుండే బార్‌హెడెడ్ బాతులు తిరుగు ప్రయాణం కోసం ఒంట్లో కొవ్వు కూడబెట్టుకుంటాయి. ఇంకొన్ని వారాల్లో అవి హిమాలయాలు దాటి టిబెట్‌కో, కజకిస్తాన్‌కో, సైబీరియాకో చేరాలి. గట్ల మీద కొండచిలువలు ఎండ కాచుకుంటాయి. తుమ్మచెట్ల నడుమ నీల్గాయ్‌లు, చుక్కల దుప్పులు మేస్తుంటాయి. ఎక్కడి నుంచో సారస కొంగల జంట కేక వినిపిస్తుంది.

ఈ నేలను కేవలాదేవ్ ఘనా అంటారు. మధ్యలో ఉన్న శివాలయం పేరు కేవలాదేవ్. ఘనా అంటే దట్టమైన అడవి. విస్తీర్ణం 29 చదరపు కిలోమీటర్లే, అంటే మన పెద్ద చెరువులు కొన్నిటి ఆయకట్టు అంత కూడా ఉండదు. అయినా 350కి పైగా పక్షి జాతులు ఇక్కడ నమోదయ్యాయి. భారతదేశంలో పక్షులను చూడటమనే అలవాటుకు ఈ ఊరు ఒక కేంద్రమైంది. అలా కావడానికి ప్రధాన కారకుడు సలీం అలీ. ఈ నేల బతకడంలో ఆయన పాత్ర పెద్దది. ఇక్కడ జరిగిన ఒక పెద్ద పొరపాటులోనూ ఆయనకు భాగముంది. మొదటి సంగతి అందరూ చెబుతారు, రెండోది తక్కువమంది చెబుతారు.

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్లకు తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్‌జీ, ఆయన భార్య హమీదా బేగం ఖేత్‌వాడీలోని తమ ఇంట్లో పిల్లలందరినీ పెంచారు. ఆ ఇంట్లో వేట తప్పేమీ కాదు. మగపిల్లలకు గాలి తుపాకి ఇవ్వడం మామూలు విషయం. పదేళ్లు దాటీ దాటని సలీం ఒకరోజు ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇంట్లో తిరిగే పిచ్చుకకు అలాంటి మచ్చ ఉండదు. అది తినదగిన పిట్టేనా అన్న సందేహంతో మేనమామకు చూపించాడు. ఆయనకూ తెలియలేదు. తాను సభ్యుడిగా ఉన్న బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి ఒక ఉత్తరం రాసిచ్చి పంపాడు.

ఆ కార్యాలయంలో కార్యదర్శి డబ్ల్యూ.ఎస్. మిలార్డ్ పిట్ట పేరు చెప్పి ఊరుకోలేదు. అల్మారాలు తెరిచి, శుభ్రం చేసి దూది కూరి భద్రపరచిన పక్షుల వరసలు చూపించాడు. అప్పట్లో ఆ సంస్థ తెల్లదొరల క్లబ్బులాంటిది. అందులో ఒక భారతీయ కుర్రాడికి అంత తీరిగ్గా సమాధానం దొరకడం విశేషమే. అలీ తన ఆత్మకథకు పేరు కూడా ఆ పిచ్చుక పేరు మీదే పెట్టుకున్నారు. ఆ పుస్తకం 1985లో వచ్చింది.

చదువు మాత్రం సాగలేదు. తలనొప్పులు, లెక్కల భయం. కుటుంబ వ్యాపారం చూసుకోమని బర్మా పంపించారు. అక్కడ గనుల కన్నా, కలప కన్నా అడవిలోని పిట్టలే ఆయనను ఎక్కువగా పట్టి ఉంచాయి. వ్యాపారం దెబ్బతింది. తిరిగొచ్చి సెయింట్ జేవియర్స్ కళాశాలలో జంతుశాస్త్రం చదివారు గానీ విశ్వవిద్యాలయ పట్టా చేతికి రాలేదు. పట్టా లేదు కాబట్టి ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వే సంస్థలో ఉద్యోగం కూడా దొరకలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. రెండేళ్లకే విసుగొచ్చి సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి, ఎర్విన్ స్ట్రెసెమాన్ దగ్గర శాస్త్రీయ పద్ధతి నేర్చుకున్నారు. 1930లో తిరిగొచ్చేసరికి డబ్బు లేదంటూ ఆ గైడ్ ఉద్యోగాన్నే రద్దు చేశారు.

ఉద్యోగం పోవడం ఆయనకు మేలే చేసిందనాలి. భార్య తెహ్మీనాతో కలిసి బొంబాయికి ఎదురుగా సముద్రం అవతల ఉన్న కిహీం అనే పల్లెకు మకాం మార్చారు. వానాకాలం మొదలుకాగానే ఇంటి దగ్గర చెట్టు మీద గిజిగాళ్లు గూళ్లు అల్లడం మొదలుపెట్టాయి. అలీ నిచ్చెన వేసుకుని, దాని పైన గుడ్డ చాటున కూర్చుని రోజుల తరబడి వాటినే చూశారు. గిజిగాడి గూడు గురించి అందరికీ తెలుసుననే అనుకుంటాం. కానీ మగపిట్ట గూడు సగం అల్లి ఆపేస్తుందని, ఆడపిట్ట వచ్చి పరీక్షించి నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుందని, ఆ తర్వాత మగపిట్ట ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టను పిలుస్తుందని శ్రద్ధగా చూసి రాసింది అలీయే. దానికి ప్రయోగశాల అవసరం రాలేదు. ఒకేచోట కూర్చునే ఓపిక, చూసింది చూసినట్టు రాసే పుస్తకం చాలాయి.

ఆ తర్వాత ఆయన ఎంచుకున్న పని తెలుగు నేలతోనే మొదలైంది. సంస్థానాల్లో ఏ పక్షులు ఎక్కడెక్కడ ఉన్నాయో సర్వే చేస్తానని, జీతం అక్కర్లేదని, ఖర్చులు పెట్టుకుంటే చాలని ప్రతిపాదించారు. నిజాం ప్రభుత్వం ఒప్పుకుంది. 1931-32లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగారు. నల్లమలలోని చెంచుల ప్రాంతం కూడా ఆ దారిలో ఉంది. అడవిలో మకాం, డేరాలు, వంట, లెక్కలు అన్నీ తెహ్మీనా చూసుకునేది. ఇంగ్లండ్‌లో చదువుకున్న అమ్మాయి అడవి బతుకుకు అంత తొందరగా అలవాటు పడుతుందని అలీ కూడా అనుకోలేదట. ఆ సర్వే ఫలితాలు సొసైటీ పత్రికలో వరసగా అచ్చయ్యాయి. తెలంగాణ పక్షుల గురించి పనిచేసేవాళ్లు ఇప్పటికీ ముందు దాన్నే తిరగేస్తారు. తర్వాత తిరువాంకూరు, కొచ్చిన్, గ్వాలియర్, ఇండోర్, భోపాల్ వచ్చాయి.

ఆ రోజుల్లో సర్వే అంటే తుపాకి పట్టుకుని తిరగడమే. పిట్టను కొట్టి, చర్మం తీసి, చీటీ కట్టి భద్రపరిస్తే తప్ప శాస్త్రం ఒప్పుకునేది కాదు. అలీ అలా కొట్టిన పిట్టల సంఖ్య తక్కువేమీ కాదు. దాని గురించి ఆయన ఎప్పుడూ మొహమాటపడలేదు, దాచలేదు. అందుకే వేటగాళ్లను చూసి ముక్కు చిట్లించడం ఆయన స్వభావంలో లేదు. పక్షుల గురించి వాళ్లకు తెలిసినంత పుస్తకాలు చదివేవాళ్లకు తెలియదన్న ఎరుక ఉండేది.

1939లో ఒక చిన్న శస్త్రచికిత్స తర్వాత తెహ్మీనా చనిపోయింది. పిల్లలు లేరు. అలీ అక్క కమూ ఇంట్లో ఉండిపోయారు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. రెండేళ్లకు, 1941లో, భారతీయ పక్షుల గురించి రంగుల బొమ్మలతో ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం వచ్చింది. అంతకు ముందు ఇలాంటి పుస్తకాలు సంపుటాలకు సంపుటాలుగా, నిపుణులకు మాత్రమే అర్థమయ్యేలా ఉండేవి. ఇది సంచిలో పడేసుకుని చెరువు గట్టుకు తీసుకెళ్లే పుస్తకం. జైల్లో ఉన్న నెహ్రూ దాన్ని కూతురు ఇందిరకు అందేలా చూశారు. ఆ కానుక తర్వాతి కాలంలో దేశ రాజకీయాల్లో పక్షులకు ఒక దారి వేసింది.

ఇక భరత్‌పూర్. అది సహజమైన సరస్సు కాదు. పల్లంగా ఉన్న నేల పక్కన 18వ శతాబ్దంలో జాట్ రాజు సూరజ్‌మల్ కాలంలో అజాన్ కట్ట వేశారు. గంభీర్, బాణగంగ నదుల వరద అక్కడ ఆగేది. 19వ శతాబ్దం చివర్లో రాజవంశం వారు కాలువలు, తూములు, గట్లు కట్టించి ఆ నీటిని ఈ పల్లంలోకి వదలడం మొదలుపెట్టారు. ఉద్దేశం పక్షి ప్రేమ కాదు, బాతుల వేట. వైస్రాయిలను, దొరలను, తోటి రాజులను పిలిచి వేట విందులు చేసేవారు. ఏ రోజు ఎవరు వచ్చి ఎన్ని కొట్టారో గుడి దగ్గర రాతి పలకల మీద చెక్కించారు. ఆ పలకలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో అతి పెద్ద అంకె వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చిన నాటిది. ఒక్క రోజులో 4,273 పక్షులు. తేదీ 1938 నవంబర్ 12. యాదృచ్ఛికమే గానీ, అది సలీం అలీకి 42 ఏళ్లు నిండిన రోజు.

వేట కోసమే అయినా నీళ్లు వదలడం వల్ల ఆ నేల పక్షులకు నిలయమైంది. రాజు కాపలా ఉన్నంత కాలం దాన్ని ఎవరూ దున్నలేదు. స్వాతంత్య్రం వచ్చి సంస్థానం భారత్‌లో కలిశాక లెక్క మారింది. దేశానికి తిండిగింజలు కావాలి. చుట్టుపక్కల రైతులకు భూమి కావాలి. రాజుల విలాసం కోసం నీళ్లు నిలబెట్టిన పల్లాన్ని ఎండగట్టి పంచాలన్న డిమాండ్ లేచింది. ఆ డిమాండ్‌లో అన్యాయం ఏముందని అడిగితే వెంటనే జవాబు చెప్పడం కష్టం. సలీం అలీ నేరుగా నెహ్రూ దగ్గరకు వెళ్లారు. ప్రధాని జోక్యంతో దున్నే ఆలోచన ఆగిపోయింది. 1956లో పక్షుల ఆశ్రయంగా ప్రకటించారు. మాజీ రాజుకు వేట హక్కు మాత్రం 1970ల ఆరంభం దాకా మిగిలింది. అలీకి దానితో పెద్దగా పేచీ లేదు. పేచీ ఉంటే నీళ్లు కూడా పోయేవేమో.

1950ల చివర్లో కర్ణాటక అడవుల్లో కోతులు చనిపోతూ, మనుషులకు జ్వరం సోకుతూ క్యాసనూర్ వ్యాధి బయటపడింది. దాని వైరస్ రష్యాలోని ఒక వైరస్‌కు దగ్గరి చుట్టం. అయితే వలస పక్షులే మోసుకొచ్చాయా అన్న ప్రశ్న వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బిచ్చింది. పక్షులను పట్టి, కాలికి నంబరున్న చిన్న లోహపు రింగు వేసి వదిలే పని బొంబాయి సొసైటీ తలకెత్తుకుంది. ఎక్కడైనా ఆ పక్షి దొరికితే బొంబాయికి తెలియజేయమని రింగు మీద రాసి ఉండేది. దీనికి భరత్‌పూర్ ముఖ్య స్థావరమైంది.

వేలాది పక్షులను గాయం కాకుండా పట్టేదెవరు? బీహార్ నుంచి మీర్‌షికార్లను రప్పించారు. తరతరాలుగా పిట్టలు పట్టి అమ్ముకుని బతికిన కుటుంబాలు వాళ్లవి. వెదురు చట్రాలు, జిగురు, వలలు, ఏ పిట్ట ఏ వేళకు ఏ గట్టు మీద వాలుతుందన్న అంచనా, ఈత వేయకుండా నీటిలో కదిలే తీరు వాళ్ల దగ్గర ఉన్నాయి. తెల్లవారుజామున బుట్టల్లో పక్షులు వచ్చేవి. అలీ, ఆయన శిష్యులు కొలిచి, తూచి, రింగు వేసి వదిలేవాళ్లు. ఇక్కడ రింగు వేసిన బాతులు సోవియట్ దేశంలో దొరికినట్టు ఉత్తరాలు వచ్చేవి. వసంతంలో ఉత్తరానికి లేచిన పక్షి ఎక్కడ దిగుతుందన్న పాత ప్రశ్నకు అలా ఒక్కో ఉత్తరంతో జవాబు దొరికింది.

తర్వాత ఆ ప్రాజెక్టుకు అమెరికా సైన్యానికి చెందిన పరిశోధన విభాగం నుంచి కూడా నిధులు వచ్చాయి. జీవాయుధాల కోసం పక్షుల దారులు కనిపెడుతున్నారంటూ పత్రికల్లో దుమారం లేచింది. 1970ల మధ్యలో పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ దీన్నీ పరిశీలించింది. అలీ వంటి మనిషికి అది అవమానమే. అయితే డబ్బు ఎవరిస్తున్నారు, ఎందుకిస్తున్నారు అని అడిగే అలవాటు ఆయనకు కాస్త తక్కువన్నది కూడా నిజం. పని జరిగితే చాలుననుకునే రకం.

ఈ మధ్యలోనే డిల్లన్ రిప్లీతో కలిసి భారత ఉపఖండపు పక్షుల మీద 10 సంపుటాల గ్రంథం పూర్తి చేశారు. 1968లో మొదటి సంపుటం, 1974లో చివరిది. అప్పటికి ఆయన వయసు 78. పద్మభూషణ్, పద్మవిభూషణ్ వచ్చాయి. అంతర్జాతీయ బహుమతి సొమ్ము చేతికొస్తే దాన్ని సొసైటీకే ఇచ్చేశారు. కేరళలో సైలెంట్ వ్యాలీని ముంచే డ్యామ్‌కు వ్యతిరేకంగా ఆయన మాట కూడా పనిచేసింది. ఇందిరా గాంధీ ప్రధానిగా ఉన్న కాలంలో సలీం అలీ రాసిన ఉత్తరానికి ఒక మంత్రిత్వశాఖ సిఫార్సుకున్నంత బరువుండేది.

ఆ బరువే భరత్‌పూర్‌లో ఒక చిక్కు తెచ్చింది. ఘనా చుట్టూ పల్లెలున్నాయి. వాళ్ల గేదెలు, ఆవులు తరతరాలుగా ఆ మడుగుల్లో మేసేవి. రాజుల కాలంలోనూ మేశాయి. మేతకు, వంటచెరకుకు ఆ నేలే ఆధారం. గేదెలు పక్షుల తిండిని తొక్కేస్తున్నాయని, నేలను పాడు చేస్తున్నాయని సంరక్షకులు నమ్మారు. మేతను పూర్తిగా ఆపాలని గట్టిగా కోరినవారిలో సలీం అలీ ఒకరు. 1981లో ఈ నేల అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 1982లో జాతీయ పార్కు అయింది. వన్యప్రాణి చట్టం ప్రకారం జాతీయ పార్కులో పశువులు మేయకూడదు. చుట్టూ గోడ లేచింది, మేత ఆగిపోయింది. ప్రత్యామ్నాయం ఏమీ చూపించలేదు. ఆ నవంబర్‌లో పశువులను తోలుకుని లోపలికి వెళ్లడానికి జనం ప్రయత్నించారు. పోలీసులు కాల్పులు జరిపారు. ఊళ్ల మనుషులు చనిపోయారు.

పక్షులు బాగుపడి ఉంటే, చేదుగానైనా ఒక లెక్క సరిపోయిందనుకునే వాళ్లుండేవారు. అలా జరగలేదు. 1980లోనే బొంబాయి సొసైటీ అలీ ఆధ్వర్యంలో కేవలాదేవ్ మీద ఒక దీర్ఘకాలిక అధ్యయనం మొదలుపెట్టింది. వి.ఎస్. విజయన్ బృందం ఏడాది పొడవునా, ప్రతి రుతువులోనూ నీటి లోతు, గడ్డి, చేపలు, పక్షుల సంఖ్య కొలిచింది. మేత ఆగాక పాస్పాలమ్ అనే నీటిగడ్డి మడుగుల మీద చాపలా పరుచుకుంది. అంతకు ముందు దాన్ని గేదెలు తినేవి, తొక్కి నీటిని తెరిచి ఉంచేవి. ఇప్పుడు ఖాళీ నీరు తగ్గింది. బాతులు దిగే చోటు తగ్గింది. చేపలు తగ్గాయి, చేపలు తినే పక్షులకు ఇబ్బంది వచ్చింది. చలికాలంలో వచ్చే నీటిపక్షుల సంఖ్య పడిపోయింది. పక్షులకు శత్రువులనుకున్న గేదెలే ఇన్నాళ్లూ వాటికి నీటిని తెరిచి ఉంచాయని పదేళ్ల లెక్కలు చూపించాయి. 1991లో తుది నివేదిక వచ్చేనాటికి అలీ లేరు.

సొంత సంస్థే, సొంత పద్ధతితోనే, ఆయన గట్టిగా నమ్మిన విషయాన్ని తప్పని తేల్చింది. కిహీంలో నిచ్చెన మీద కూర్చున్న మనిషి గిజిగాళ్ల విషయంలో ముందే ఒక నిర్ణయానికి రాలేదు. చూశాకే రాశాడు. భరత్‌పూర్ గేదెల విషయంలో చూడకముందే తీర్పు వచ్చేసింది. అందుకు అలీ ఒక్కరినే తప్పు పట్టడం సరికాదు. ఆ కాలంలో ప్రపంచమంతటా జాతీయ పార్కు అంటే మనుషులు లేని చోటు అన్న భావనే నడిచింది. కానీ ఆయన మాటకు ఉన్న బరువు వల్ల ఎదురు ప్రశ్న వేసేవాళ్లు తగ్గారు. ఊళ్ల వాళ్లను అడిగి ఉంటే గేదె ఏ గడ్డి తింటుందో చెప్పేవారు.

ఇలా అడగడం అలీ బృందానికి తెలియని విద్యేమీ కాదు. కడప జిల్లాలో కలివికోడి కోసం వాళ్లు చేసింది అదే. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనుకున్న ఆ పిట్ట కోసం సొసైటీ 1980లలో మళ్లీ వెతుకులాట పెట్టింది. యువ పరిశోధకుడు భరత్ భూషణ్ బొమ్మలు పట్టుకుని ఊరూరా తిరిగి పిట్టలు పట్టేవాళ్లను అడిగాడు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ దాన్ని పట్టి తెచ్చాడు. అప్పటికి అలీకి 89 ఏళ్లు. ఆ పిట్ట ఉన్న పొదల నేలలోనే తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

1985లో రాజ్యసభకు నామినేట్ అయిన సలీం అలీ 1987 జూన్ 20న బొంబాయిలో కన్నుమూశారు. భరత్‌పూర్‌కు ప్రపంచ వారసత్వ హోదా రావడం ఆయన చూశారు. ఆ నేలకు పేరు తెచ్చిన సైబీరియా కొంగలు మాత్రం అప్పటికే తగ్గుతున్నాయి. 1960లలో 200 వరకు వచ్చేవి. వలస దారిలోని వేట, దూర దేశాల్లో ఎండిపోయిన నేలలు వాటిని తగ్గిస్తూ వచ్చాయి. 2001-02 చలికాలంలో ఒకే జంట వచ్చింది. వసంతంలో ఉత్తరానికి వెళ్లిన ఆ జంట మళ్లీ రాలేదు.

విజయన్ నివేదిక తర్వాత కూడా గేదెలను లోపలికి వదలలేదు, చట్టం అడ్డం వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కొడవళ్లతో వచ్చి గడ్డి కోసుకుపోవడానికి అనుమతి ఇచ్చారు. గేదె చేసే పని చేత్తో చేయాలంటే ఎంత కోసినా తక్కువే. పార్కు లోపల సందర్శకులను తిప్పేది రిక్షా వాళ్లు. వాళ్లలో చాలామంది ఈ చుట్టుపక్కల వాళ్లే. మెడలో దుర్భిణి వేసుకుని, రిక్షా ఆపి, ఏ కొమ్మ మీద గుడ్లగూబ ఉందో, ఏ గట్టు కింద కొండచిలువ బొరియ ఉందో చూపిస్తారు. పరజల్లో తేడాలు, పక్షుల ఇంగ్లీషు పేర్లు, లాటిన్ పేర్లు తడుముకోకుండా చెబుతారు. మార్చి ఉదయాల్లో ఏ గుంపు వెళ్లిపోయిందో, ఏది ఇంకా ఉందో ముందుగా తెలిసేది వాళ్లకే.